రాజీనామాకు ముందే బ్యాంకు మాట తెలియాలి: పరిశ్రమల శాఖ మంత్రివర్యులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ సూక్ష్మ, చిన్న, మధ్య తరహా పరిశ్రమల శాఖ మంత్రివర్యులకు నమస్కారములు.

నాది గుంటూరు. మిర్చి నిల్వచేసే ఒక కోల్డ్ స్టోరేజీలో 19 ఏళ్లు మెయింటెనెన్స్ విభాగంలో పనిచేశాను. 2023 ఆగస్టులో, నా 43వ ఏట, ఆ ఉద్యోగం వదిలి, కోల్డ్ స్టోరేజీలను చల్లగా ఉంచే అమ్మోనియా కంప్రెసర్లు బాగుచేసే సొంత వర్క్‌షాపు పెట్టుకునే పనిలో పడ్డాను. ఈ రోజు నా దగ్గర నలుగురు పనిచేస్తున్నారు. కనుక ఇది ఓడిపోయినవాడి మొర కాదు. నడివయసులో జీతం వదిలి వ్యాపారంలోకి వచ్చేవారు దారిలో ఎక్కడ పడిపోతున్నారో, ఆ చోటు దాటి వచ్చినవాడిగా మీకు చెప్పాలని రాస్తున్నాను.

కొత్త యూనిట్లకు బ్యాంకు రుణంతో పాటు సబ్సిడీ ఇచ్చే ప్రధానమంత్రి ఉపాధి కల్పన కార్యక్రమం, అంటే పీఎంఈజీపీ కింద సేవారంగ యూనిట్‌కు 20 లక్షల రూపాయల వరకు ప్రాజెక్టు పెట్టుకోవచ్చు. దానికి గరిష్ఠ వయోపరిమితి లేదు. నాది 9 లక్షల ప్రాజెక్టు. జనరల్ కేటగిరీ, పట్టణ ప్రాంతం కాబట్టి నా వాటా 10 శాతం, అంటే 90 వేలు. సబ్సిడీ 15 శాతం, అంటే లక్షా 35 వేలు. కొటేషన్లు, ప్రాజెక్టు రిపోర్టు జతచేసి సెప్టెంబరులో దరఖాస్తు పెట్టాను. జిల్లా పరిశ్రమల కేంద్రం నుంచి అది బ్యాంకుకు చేరింది. ఆ బ్యాంకు పేరు ఇక్కడ రాయను, ఎందుకంటే నా ఫిర్యాదు ఒక శాఖ మీద కాదు.

అక్కడి అధికారి నా కాగితాలు ఓపిగ్గానే చూశారు. చూసి, మూడేళ్ల ఆదాయపు పన్ను రిటర్నులు ఉన్నా అవి జీతం రిటర్నులని, వ్యాపారం రిటర్నులు కావాలని అన్నారు. ఇంకా మొదలుకాని వ్యాపారానికి రిటర్నులు ఎక్కడి నుంచి వస్తాయండీ అని అడిగితే, అయితే ఇంటి దస్తావేజులు తెమ్మన్నారు. 10 లక్షల వరకు సూక్ష్మ, చిన్న సంస్థల రుణాలకు తాకట్టు అడగకూడదని రిజర్వ్ బ్యాంకు 2010లోనే బ్యాంకులను ఆదేశించిన సంగతి నాకు అప్పటికి తెలియదు. నా సర్వీసు సర్టిఫికెట్‌ను మాత్రం ఆయన ఒకసారి చదివి, ఫైలులో ఉంచండి గానీ ఇది లెక్కలోకి రాదు అన్నారు. అంతకు మూడు నెలల ముందు, నేను ఉద్యోగంలో ఉండగా, పర్సనల్ లోన్ తీసుకోండంటూ వారానికి రెండుసార్లు నాకు ఫోన్లు వచ్చేవి. ఆ ఫోన్లు ఆగిపోయాయి.

మా పనికి ఒక కాలం ఉందని మీకు మనవి చేయాలి. ఫిబ్రవరి నుంచి యార్డుకు కొత్త మిర్చి పోటెత్తుతుంది, ఆ వెంటనే కోల్డ్ స్టోరేజీలు నిండుతాయి, కాబట్టి కంప్రెసర్లన్నీ జనవరిలోపే సిద్ధం కావాలి. ఆ పని చేజారితే మళ్లీ ఏడాది ఆగవలసిందే. 2024 జనవరిలో ఒక రాత్రి, అంతకుముందు ఎప్పుడూ పరిచయం లేని ఒక కోల్డ్ స్టోరేజీ వారు పిలిపించారు. కంప్రెసర్ ఇరుసు దగ్గర గ్యాసు బయటకు రాకుండా ఆపే షాఫ్ట్ సీల్ నుంచి నూనె కారుతోంది, అమ్మోనియా ఘాటుకు కళ్లు మండుతున్నాయి. గ్యాసును రిసీవర్ ట్యాంకులోకి లాగి, వాల్వులు కట్టి, సీల్ విప్పి లైటుకు పట్టి చూస్తే దాని ముఖం మీద వెంట్రుకంత గీత. ఆ గీతను వేలికొనతో పట్టుకోవడానికి నాకు పట్టిన కాలం 19 ఏళ్లు. లెక్కలోకి రాదన్నది ఆ సర్టిఫికెట్‌నే.

ఆ నెలలోనే మరో రెండు చోట్ల నుంచి పిలుపు వచ్చింది. బ్యాంకు నుంచి అవునని గానీ కాదని గానీ కబురు లేదు. ప్రావిడెంట్ ఫండ్ డబ్బు అప్పటికే షెడ్డు అడ్వాన్సుకు, ఇంటి ఖర్చులకు కరిగిపోయింది. నా భార్య తన నగలు తానే తీసి ఇచ్చింది. వాటిని తాకట్టు పెట్టి, పాత లేత్ మెషీన్ ఒకటి, వెల్డింగ్ సెట్టు, చైన్ బ్లాకులు కొని పని మొదలుపెట్టాను. మార్చిలో బ్యాంకుకు వెళితే చెప్పిన మాట ఇది: పథకం కొత్త యూనిట్లకే వర్తిస్తుంది, మీరు ఇప్పటికే మొదలుపెట్టేశారు కాబట్టి అర్హత లేదు. నిబంధన ప్రకారం ఆ మాట సరైనదే. కానీ నేను దరఖాస్తు పెట్టిన రోజున నా యూనిట్ కొత్తదే కదండీ. ఆలస్యం వారిది, అనర్హత నాకు వచ్చింది.

ఈ కష్టం ముందే పసిగట్టినవారు ఏం చేస్తున్నారో కూడా మీకు తెలియాలి. రాజీనామా ఇచ్చే ముందు, జీతం చీటీ చూపించి, పిల్ల పెళ్లికనో ఇంటి రిపేరుకనో చెప్పి పర్సనల్ లోన్ తీసుకుంటున్నారు. వడ్డీ ఎక్కువ, సబ్సిడీ లేదు, కిస్తీ మరుసటి నెల నుంచే మొదలవుతుంది. నిజాయితీగా బతికిన మనుషులు వ్యాపారంలో తొలి అడుగు అబద్ధంతో వేయవలసి రావడం నన్ను చాలా బాధపెడుతుంది.

ప్రతి ఇంటి నుంచి ఒక పారిశ్రామికవేత్త రావాలని మన ప్రభుత్వం చెబుతోంది, 175 నియోజకవర్గాల్లో పారిశ్రామిక పార్కులు తెస్తామంటోంది. సంతోషం. అయితే ఆ ఇంట్లో నలభై దాటిన ఉద్యోగి కూడా ఉంటాడు. పని తెలిసినవాడు, ఖాతాదారులు ఎవరో తెలిసినవాడు, పిల్లల ఫీజులు కట్టవలసినవాడు. పాతికేళ్ల యువకుడు ఆరు నెలలు ఎదురుచూడగలడేమో. ఇతనికి మొదటి తేదీ ఆగదు.

అందుకే నా ప్రధానమైన మనవి ఇది. ఉద్యోగంలో ఉండగానే దరఖాస్తు తీసుకుని, రాజీనామా చేసిన తర్వాత రుణం విడుదల చేస్తామనే షరతుతో బ్యాంకు ముందస్తు మంజూరు పత్రం ఇచ్చే ఏర్పాటు చేయించండి. ఆ పత్రానికి ఆరు నెలల గడువు చాలు. అదే రంగంలో చేసిన సర్వీసును వ్యాపార అనుభవంగా పరిగణించమని చెప్పండి. పీఎంఈజీపీ కేంద్ర పథకమే, నిబంధనలు మార్చవలసింది ఢిల్లీయే. దరఖాస్తు తేదీ నాటికి యూనిట్ కొత్తదైతే చాలునని రాష్ట్రం తరఫున లేఖ రాయగలరు. జిల్లా పరిశ్రమల కేంద్రం మాత్రం రాష్ట్ర ప్రభుత్వానిదే, జిల్లా బ్యాంకర్ల సంప్రదింపుల కమిటీకి అధ్యక్షత వహించేది కలెక్టరు గారే. నెల దాటినా జవాబు రాని దరఖాస్తుల జాబితా ప్రతి సమావేశంలో చదివించినా పరిస్థితి మారుతుంది. ఉద్యోగులు సెలవు పెట్టకుండా వచ్చి మాట్లాడుకునేందుకు ఆ కేంద్రాన్ని నెలలో రెండు ఆదివారాలు తెరిపించండి.

ఇంకొక్క మాట బకాయిల గురించి. 2006 నాటి చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న సంస్థల బిల్లు రాతపూర్వక ఒప్పందం ఉన్నా 45 రోజులకు మించి ఆపకూడదు. ఆపితే రిజర్వ్ బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్ల చక్రవడ్డీ. మా దగ్గర బిల్లులు సీజను ముగిశాకే వస్తాయి. డబ్బు చేతికి రాకపోయినా బిల్లు రాసిన మరుసటి నెల 20వ తేదీకి 18 శాతం జీఎస్టీ నేను కట్టాలి. ఫిర్యాదు చేయవచ్చు, కానీ ఫిర్యాదు చేసిన మరమ్మతుదారుణ్ని మళ్లీ ఎవరూ పిలవరు. మా పేరు బయటపెట్టకుండా జిల్లా అధికారే కొనుగోలుదారులకు చట్టం గుర్తుచేస్తూ లేఖ రాసే పద్ధతి పెట్టండి.

నాకు తెలిసిన ఒక వెల్డింగ్ ఫోర్‌మన్ ఉన్నారు. వయసు 41. పక్క కోల్డ్ స్టోరేజీలో పనిచేస్తూ, వచ్చే సీజనుకు ముందే సొంత షెడ్డు వేసుకోవాలని చూస్తున్నారు. రాజీనామా లేఖ రాసి జేబులో పెట్టుకుని మొన్న నా దగ్గరకు వచ్చారు. బ్యాంకు నుంచి కాగితం వచ్చేదాకా ఇవ్వవద్దని చెప్పి పంపాను. ఉద్యోగంలో ఉన్నవారికి ఆ కాగితం ఎలా వస్తుందని ఆయన అడిగారు. ఆ ప్రశ్ననే మీకు పంపుతున్నాను.

ఇట్లు,
భవదీయుడు,
ఒక కంప్రెసర్ మరమ్మతుదారు,
గుంటూరు