ప్లినీ ఫైలులో మిగతా కాగితాలు

సంపాదకులకు నమస్కారం.

సగంలో ఆగిపోయిన ప్రభుత్వ నిర్మాణాల గురించి మీ ఆదివారం సంచికలో వచ్చిన వ్యాసం చదివాను. పురపాలక సంఘాల చేతకానితనానికి మందు ఒక్కటేనట: నిజాయతీపరుడైన అధికారిని ఎంచుకుని, సర్వాధికారాలూ ఇచ్చి, పైనుంచి పంపడం. అందుకు సాక్ష్యంగా రోమన్ గవర్నర్ ప్లినీని తీసుకొచ్చి నిలబెట్టారు. నేను ఆడిట్ శాఖలో పనిచేసి రిటైరైనవాణ్ణి. ప్లినీ మిత్రులకు, చక్రవర్తికి రాసిన ఉత్తరాలంటే నాకూ ప్రాణమే. అయితే వ్యాసకర్త ఆ ఫైలులో తన వాదనకు పనికొచ్చిన కాగితాలే తీసి చూపారు.

చూపినంత వరకు నిజమే. బిథినియా-పాంటస్ అంటే నల్లసముద్రానికి దక్షిణాన, ఇప్పటి టర్కీ ఉత్తర భాగం. ఆ రాష్ట్రానికి మామూలుగా సెనేట్ సభ్యుల్లోంచి చీటీ వేసి గవర్నరును పంపేవారు. క్రీ.శ. 110 ప్రాంతంలో ట్రాజన్ చక్రవర్తి ఆ పద్ధతి పక్కనపెట్టి, పట్టణాల జమాఖర్చులు తేల్చమని తన సొంత మనిషిగా ప్లినీని పంపాడు. ఆయన వెళ్లి చూస్తే ఏముంది? నికోమీడియా (ఇప్పటి ఇజ్మిత్) పౌరులు నీళ్ల కాలువ కోసం 33,18,000 సెస్టర్సులు (రోమన్ నాణేలు) పోసి, సగంలో వదిలేసి, కట్టినది కూల్చేశారు కూడా. రెండో కాలువకు మరో 2 లక్షలు పెట్టారు, అదీ ఆగింది. ఊరికి నీళ్లు మాత్రం రాలేదు. నైసియా (ఇప్పటి ఇజ్నిక్) నాటకశాల గోడలు పగుళ్లిచ్చి కుంగుతున్నాయి. కారణం మెత్తటి తడి నేలో, నాసిరకం రాయో తెలియదు. దాని మీద కోటి సెస్టర్సులకు పైగా ఖర్చయిందని రాస్తూనే, అది విన్న మాటేనని, లెక్కలు ఇంకా చూడలేదని ఆయన వెంటనే చేర్చాడు. అదే ఊళ్లో వ్యాయామశాల గోడలు 22 అడుగుల మందం ఉన్నా పైభారం మోయలేవని ఒక వాస్తుశిల్పి చెప్పాడట. ఆ చెప్పినవాడు మొదట పని మొదలుపెట్టిన శిల్పికి పోటీదారు అనే సంగతినీ ప్లినీ దాచలేదు. ఆ వాక్యం చదివినప్పుడల్లా నాకు ముచ్చటేస్తుంది. మా శాఖలో కొత్తగా చేరినవాళ్లకు తనిఖీ నివేదిక రాయడం నేర్పాలంటే ఆ ఒక్క ఉత్తరం చాలు.

బైజాంటియం (ఇప్పటి ఇస్తాంబుల్) పౌరులు చక్రవర్తికి నమస్కారాలు చెప్పి రావడానికి ఏటా ఒక ప్రతినిధికి 12,000 సెస్టర్సులు ఇచ్చేవారు. ప్లినీ ఆ ఖర్చు కొట్టేసి, నమస్కారాల కాగితం ఒక్కటీ పంపితే చాలన్నాడు. ఇదీ మెచ్చుకోవలసిందే.

ఇక వ్యాసంలో లేని కాగితాలు. ప్లినీ రాష్ట్రంలో మరో మూల పర్యటనలో ఉండగా నికోమీడియాలో మంటలు లేచాయి. ఎన్నో ఇళ్లతో పాటు, మధ్యలో వీధి ఉన్నా సరే, పెద్దల సభాభవనం, ఐసిస్ దేవత గుడి కాలిపోయాయి. ఊరు మొత్తానికి నీళ్లు చిమ్మే గొట్టం లేదు, బకెట్ లేదు. జనం చేతులు కట్టుకుని చూస్తూ నిలబడ్డారని ప్లినీ రాశాడు. పనిముట్లు సమకూర్చమని ఆజ్ఞాపించి, 150 మందికి మించకుండా ఒక అగ్నిమాపక దళం పెట్టుకోనివ్వమని, వాళ్ల మీద తానే ఓ కన్నేసి ఉంచుతానని చక్రవర్తిని బతిమాలుకున్నాడు. ట్రాజన్ వద్దన్నాడు. ఏ పేరు పెట్టినా, ఏ పని కోసం చేరినా, అలా కూడిన వాళ్లు త్వరలోనే రాజకీయ ముఠాలవుతారట. సామగ్రి ఉంచితే చాలు, ఇళ్ల యజమానులే ఆర్పుకుంటారన్నాడు. నలుగురు కలిసి సంఘం పెట్టుకోవడమే పైవాళ్లకు గిట్టని చోట, జనం చేతులు కట్టుకుని నిలబడ్డారని తప్పుపట్టడం ఏం న్యాయం? పౌరుల చేతకానితనమని వ్యాసకర్త అన్నదాంట్లో కొంత భాగం పైనుంచి వచ్చిందే.

సర్వాధికారాల సంగతీ అంతంతమాత్రమే. ప్రూసాలో (ఇప్పటి బుర్సా) కొలతలు వేయించి, పనులు చూసేవాళ్ల నుంచి సొమ్ము రాబడతాను, ఒక సర్వేయరును పంపమని అడిగితే, రోములో పనులకే సరిపోవడం లేదని జవాబు. నైసియా నాటకశాల కోసం వాస్తుశిల్పిని అడిగితే, మీ దగ్గర లేకపోవడమేమిటి, మాకే గ్రీకు దేశం నుంచి వస్తుంటారని జవాబు. రాను పోను ఉత్తరాలకే వారాలు గడిచే రోజులవి.

అన్నిటికన్నా ముఖ్యమైనది చివరికి మిగిల్చాను. ఆఫ్రికా గవర్నర్ మారియస్ ప్రిస్కస్ లంచాల కేసులో ప్లినీ, చరిత్రకారుడు టాసిటస్ కలిసి వాదించి క్రీ.శ. 100లో అతన్ని శిక్షింపజేశారని వ్యాసం గర్వంగా చెప్పింది. ఆ తర్వాత ఇదే బిథినియా ప్రజలు తమ గవర్నర్లు జూలియస్ బాసస్, వరేనస్ రూఫస్‌ల మీద వరుసగా సెనేటులో ఫిర్యాదు చేశారు. రెండుసార్లూ ఆ గవర్నర్ల తరఫున వాదించినది ప్లినీయే! బాసస్ తీసుకున్నవి మిత్రులిచ్చిన కానుకలట. పుట్టినరోజుకు, పండుగకు తప్ప తీసుకోలేదట. గవర్నర్ కానుక కూడా తీసుకోకూడదని చట్టం చెబుతోందని ప్లినీకి తెలుసు, తన ఉత్తరంలోనే రాశాడు. అయినా బాసస్ సెనేట్ సభ్యత్వం నిలిచింది. కానీ అతను ఇచ్చిన తీర్పులన్నీ రద్దయ్యాయి. రెండేళ్లలోగా మళ్లీ విచారణ కోరుకోవచ్చని బాధితులకు అవకాశమిచ్చారు. ఆ చిక్కుముళ్లలో కొన్ని తర్వాత గవర్నర్ హోదాలో ప్లినీ ముందుకే వచ్చాయి. తమ ఫిర్యాదులను ఎదిరించి వాదించిన వకీలే తమను పాలించడానికి వచ్చినప్పుడు బిథినియా పౌరులు ఏమనుకున్నారో చెప్పే కాగితం మనకు లేదు. ఉన్నవి ప్లినీ, ట్రాజన్ ఒకరికొకరు రాసుకున్నవే. ఒక అధికారి సమర్థతకు అతను పైఅధికారికి రాసిన ఉత్తరాలనే రుజువుగా తీసుకుంటే, మా శాఖలో ఏ ఫైలూ అభ్యంతరంతో వెనక్కి వచ్చేది కాదు.

నికోమీడియా కాలువకు అనుమతి ఇస్తూ ట్రాజన్ ఒక గట్టి మాట అన్నాడు: ఇంత డబ్బు ఎవరి తప్పు వల్ల పోయిందో తేల్చు, నీకు నేను నాకు నువ్వు అనుకుంటూ మొదలుపెట్టి వదిలేసి ఉంటారు, తెలిసింది నాకు రాయి అని. ప్లినీ ఆ పదవిలో ఉండగానే చనిపోయాడని చరిత్రకారుల అంచనా. మనకు దక్కిన ఉత్తరాల్లో ఆ ప్రశ్నకు జవాబు లేదు.

వ్యాసానికి రెండో భాగం ఉందని ప్రకటించారు. అందులో బాసస్, వరేనస్ కేసులను, అగ్నిమాపక దళం ఉత్తరాలను కూడా పాఠకుల ముందు పెట్టమని వ్యాసకర్తను కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఆడిట్ ఉద్యోగి,
రాజమహేంద్రవరం