సముద్రపు దొంగల ఆటకి ఓడలు చవకగా: శీనుకి ఉత్తరం

ఒరేయ్ శీనూ,

మన బల్ల మీది సముద్రపు దొంగల ఆటకి కొంటానంటూ నువ్వు పంపిన ఓడ ఫొటో చూశాను. మూడు కొయ్యలు, నిండా తెరచాపలు, వెనకాల బంగారు రంగు చెక్కడాలు. పీటల మీద పెళ్ళికొడుకులా వెలిగిపోతోంది. దయచేసి కొనకు.

కోప్పడకుండా కొంచెం లెక్క చూడు. మన మనిషి బొమ్మలు 28 మి.మీ. ఎత్తువి, అంటే సుమారు 1:56 నుంచి 1:64 మధ్య కొలత (నిజం సైజులో 56వ వంతు నుంచి 64వ వంతు). నిజంలో 30 మీటర్ల పొడవున్న ఓడని 1:56లో చేస్తే 54 సెం.మీ. వస్తుంది. ముక్కు కొయ్య, అంటే ముందుకి పొడుచుకొచ్చే కర్ర, కలిస్తే డెబ్భైకి దగ్గర పడుతుంది. ఆరడుగులకి నాలుగడుగుల బల్ల మీద అలాంటివి రెండు పెట్టాక గాలివాటం, మలుపులు అన్న మాటే ఉండదు. ఎదురెదురుగా ఆగిన రెండు లారీల్లా ఉంటాయంతే.

మన ఆటలో ఓడ ఓడ కాదురా, అరుగు. మనుషులు నిలబడాలి, పరిగెత్తాలి, ఒక అరుగు మీంచి ఇంకో అరుగు మీదకి దూకాలి. అందుకని పెట్టె మీద రాసిన స్కేలు చూడకు, కొయ్యల ఎత్తు చూడకు. డెక్ వెడల్పు ఎంత, చుట్టూ ఉన్న అంచు గోడ ఎంత ఎత్తు, డెక్ మీద ఖాళీ జాగా ఎంత, ఈ మూడూ చూడు. బొమ్మ బేస్ 25 మి.మీ. బండితో కలిపి ఫిరంగి 4 నుంచి 5 సెం.మీ. ఇటొకటి అటొకటి పెట్టి మధ్యలో ఒక మనిషి నడవాలంటే పన్నెండున్నర సెం.మీ. కావాలి. పది ఉన్నా పని జరుగుతుంది, ఫిరంగుల్ని ఎదురెదురుగా కాకుండా ఎడంగా పెట్టుకోవాలి. ఎనిమిదికి తగ్గితే మాత్రం బొమ్మలు సంతలో జనంలా ఒకదాని మీద ఒకటి పడుతుంటాయి.

ఇంకో సంగతి. అసలు దొంగలు ఎక్కువగా తిరిగింది స్లూప్‌లనే చిన్న ఒంటికొయ్య ఓడల మీదే. బ్లాక్‌బియర్డ్ అనే పేరుమోసిన దొంగ అనగానే అందరికీ అతని పెద్ద ఓడ క్వీన్ ఆన్స్ రివెంజ్ గుర్తొస్తుంది, కానీ అది 1718 జూన్‌లోనే అమెరికాలో నార్త్ కరోలినా తీరాన బోఫోర్ట్ దగ్గర ఇసుక మేటలో కూరుకుపోయింది. అదే ఏడు నవంబర్ 22న ఆ తీరంలోనే ఓక్రకోక్ దగ్గర అతను ప్రాణం పోగొట్టుకున్న పోరాటంలో ఉన్నవి మూడు స్లూప్‌లు: అతని అడ్వెంచర్, అవతల బ్రిటిష్ నౌకాదళం లెఫ్టినెంట్ మేనార్డ్ తెచ్చిన జేన్, రేంజర్. మేనార్డ్ ఓడల మీద ఫిరంగులే లేవు. మనుషుల్ని డెక్ కింద దాచి, శత్రువు ఎక్కాక బయటికి వదిలాడు. ఇంతకంటే మంచి ఆట ఎక్కడ దొరుకుతుంది? 18 మీటర్ల పొడవు, ఐదున్నర మీటర్ల వెడల్పు ఉన్న స్లూప్ 1:56లో 32 సెం.మీ. పొడవు, పది సెం.మీ. వెడల్పు. బల్ల మీద మూడు పట్టినా ఇంకా నీళ్ళు మిగులుతాయి. నీ పెళ్ళికొడుక్కి పెట్టే డబ్బుతో ఈ మూడూ వచ్చి, పైన బొమ్మల దండు కూడా రావచ్చు.

ఎక్కడ వెతకాలీ అంటావా? ముందు పిల్లల ఆటసామాను, అదీ వాడేసినది. ప్లేమొబిల్ ఓడలు, పాత మెగా బ్లాక్స్ ఓడలు తెరచాపలు చిరిగి, సగం భాగాలు పోయి కారుచవకగా దొరుకుతాయి. పోయిన భాగాలు మనకెలాగూ అక్కర్లేదు. చిక్కల్లా అంచు గోడ. ప్లేమొబిల్ బొమ్మ ఏడున్నర సెం.మీ. ఉంటుంది కాబట్టి దాని నడుం దాకా వచ్చే గోడ వెనక మన వాడు తలతో సహా మునిగిపోతాడు. అందరూ వెంటనే రంపం తీసి గోడ కొయ్యడం మొదలెడతారు. అలా చేస్తే ఫిరంగి కిటికీలు సగానికి తెగుతాయి, అంచు వంకరపోతుంది. దానికంటే డెక్‌నే పైకి లేపు. 5 మి.మీ. ఫోమ్ బోర్డు మూడు నాలుగు పొరలు డెక్ ఆకారానికి కోసి లోపల పరిచి, పైన చెక్కపుల్లలు అతికించు. గోడ 12 నుంచి 15 మి.మీ. కనబడితే చాలు, అది మన బొమ్మకి నడుం ఎత్తు. కిటికీలు డెక్ కిందకి పోతే మూసేసి, తలుపులు దించినట్టు రంగు వెయ్.

ఆటసామానుతో ఇంకో పేచీ ప్లాస్టిక్. కొన్ని రకాలకి జిగురూ పట్టదు, రంగూ పట్టదు. కనబడని చోట గోరంత ముక్క కోసి, సబ్బు చుక్క వేసిన నీళ్ళలో పూర్తిగా ముంచి వదులు. తేలిందంటే పాలిథిలీనో పాలీప్రొపిలీనో. దాని మీద వేసిన రంగు నెల తిరక్కుండా పొలుసులుగా రాలుతుంది. అలాంటిది వదిలెయ్, లేదంటే దాన్ని అచ్చుగా వాడుకుని పైన అట్ట తొడుగు. మునిగితే ఏబీఎసో పాలీస్టైరీనో అయ్యే అవకాశం ఎక్కువ. ఉప్పుకాగితంతో రుద్ది, సబ్బు నీళ్ళతో కడిగి, ప్రైమర్ (రంగుకి ముందు వేసే పూత) వేస్తే రంగు హాయిగా పడుతుంది. మెత్తగా సాగే పీవీసీ కూడా మునుగుతుంది, దాన్ని నమ్మకు. స్ప్రే రంగు దాని మీద ఎన్నాళ్ళయినా బంకబంకగానే ఉంటుంది.

ముక్కలు అతికించి కట్టుకునే ప్లాస్టిక్ కిట్‌ల సంగతి కొంచెం జాగ్రత్తగా చూడాలి. రెవెల్, జ్వెజ్డా వాళ్ళ 1:72 దొంగల ఓడలు మన బొమ్మలకి కాస్త చిన్నవే, తలుపులూ మెట్లూ పిల్లలవిలా అనిపిస్తాయి. అయినా డెక్ ఖాళీగా ఉంటే సర్దుకోవచ్చు. పేరు చూసి మాత్రం మోసపోకు. లిండ్‌బర్గ్ వాళ్ళు కెప్టెన్ కిడ్ అని అమ్మిన ఓడ నిజానికి వాపెన్ ఫాన్ హాంబుర్గ్ అనే జర్మన్ ఓడ. జాలీ రోజర్ అని అమ్మింది లా ఫ్లోర్ అనే ఫ్రెంచి ఓడ. రెండూ 1:130. 28 మి.మీ. మనిషి వాటి మీద నిలబడితే పల్లకి ఎక్కిన ఏనుగే. పాత కిట్‌లు చాలావాటికి స్కేలంటూ ఏమీ ఉండదు, పెట్టెలో పట్టేంత పొడవు చేసి అమ్మేశారు. అలంకారానికి గూట్లో పెట్టుకునే చెక్క ఓడలూ అంతే. 40 సెం.మీ. పొడవుంటే ఏడెనిమిది వెడల్పు, దాని మీద మళ్ళీ తాళ్ళ గజిబిజి. ఎవరైనా ఊరికే ఇస్తే తీసుకుని కొయ్యలు పీక్కో, అంతే.

ఆట కోసమే తయారైన ఓడలూ ఉన్నాయి. ఫైర్‌లాక్ గేమ్స్ వాళ్ళ బ్లడ్ అండ్ ప్లండర్ ఆటకి వచ్చే స్లూప్, రెండు కొయ్యల బ్రిగంటీన్ మన కొలతకే చేసినవి, డెక్ ఖాళీగా ఉంచి ఆలోచించి చేసినవి. చవక మాత్రం కాదు. ఒక్కటి కొని దాని కొలతలతో మిగతావి కట్టుకోవడం తెలివైన పని. రెజిన్ ఓడైతే ముందు సబ్బు నీళ్ళతో కడుగు, అచ్చులోంచి తియ్యడానికి పూసిన జిడ్డు పోకపోతే రంగు నిలవదు. వంగి వస్తే వేడినీళ్ళలో ముంచి, సమంగా ఉన్న చోట పెట్టి చల్లారనివ్వు. ఎమ్‌డీఎఫ్ (చెక్కపొడి నొక్కి చేసిన పలక) రకాల్లో ఓడ పొట్ట గుండ్రంగా రాదు, పలకలు పలకలుగా ఉంటుంది. కోసిన అంచు రంగు తాగేస్తుంది కాబట్టి తెల్లజిగురు పూసి ఆరాకే రంగు వెయ్.

త్రీడీ ప్రింటర్ అందుబాటులో ఉంటే మరీ మంచిది. 1:72కి గీసిన ఫైలుని 1:56కి పెంచాలంటే 129 శాతం పెట్టు. పొట్టని ముక్కలుగా, డెక్‌ని విడిగా అచ్చు తియ్. కొయ్యలు మాత్రం అచ్చు తియ్యకు. నిలబెట్టి తీసిన సన్నటి కొయ్య పొరలు పొరలుగా విరుగుతుంది, గుండ్రటి చెక్కకర్ర పెట్టుకో. పీఎల్ఏ అనే ప్రింటర్ ప్లాస్టిక్‌తో తీసిన ఓడని ఎండలో నిలిపిన కారులో వదిలావో, సాయంత్రానికి అరటిపండులా వంగి ఉంటుంది.

అయినా నన్నడిగితే అన్నిటికన్నా చవకా, ఆటకి అనుకూలమూ మన చేత్తో కట్టుకున్న స్లూపే. ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు గానీ ఓడ కట్టడం అంత కష్టం కాదు. 30 మి.మీ. మందం ఉన్న గట్టి ఎక్స్‌పీఎస్ ఫోమ్ ముక్క, 30 సెం.మీ. పొడవు, 10 వెడల్పు తీసుకో. థర్మోకోల్ వద్దు, పూసలు పూసలుగా రాలుతుంది. మధ్య గీత గీసి, ముందు నుంచి మూడో వంతు దగ్గర అత్యధిక వెడల్పు, వెనక చివర 7 సెం.మీ. ఉండేలా ఆకారం గియ్. ముక్కు కత్తిలా కాదు, కోడిగుడ్డు మొనలా మొద్దుగా ఉండాలి. కొత్త బ్లేడుతో లోతుగా కాకుండా నాలుగైదు సార్లు పైపైన కోస్తే అంచు చిరగదు. పక్కల్ని నిలువుగానే ఉంచు. అసలు ఓడల్లో పక్కలు పైకి పోయేకొద్దీ లోపలికి వాలేవి. అలా చేస్తే రెండు ఓడలు పక్కపక్కన ఆనినప్పుడు డెక్‌ల మధ్య సందు పడి బొమ్మలు పడిపోతాయి.

డెక్‌కి కాఫీ కలిపే చెక్కపుల్లలు సరిగ్గా సరిపోతాయి. 25 సెం.మీ. వెడల్పు పలక 1:56లో నాలుగున్నర మి.మీ. అవుతుంది, ఆ పుల్లలు ఐదారు ఉంటాయి. ఐస్‌క్రీమ్ పుల్లలు మరీ వెడల్పు, నిలువునా చీల్చాలి. పక్క గోడలకి ఒకటిన్నర మి.మీ. అట్ట, ఎత్తు 43 మి.మీ.: ఫోమ్ 30, పైన గోడ 13. అట్టని బల్ల అంచు మీద లాగి ముందే వంపు తెచ్చుకో. పక్కకి రెండేసి ఫిరంగి కిటికీలు, 12 మి.మీ. వెడల్పుగా, అతికించకముందే కోసుకో. అతికించాక కొయ్యబోతే గోడ ఊడొస్తుంది. తెల్లజిగురు రాసి రబ్బరు బ్యాండ్లు వేసి ఒక రాత్రి వదిలెయ్. సూపర్ గ్లూ ఫోమ్‌ని తినేస్తుంది, స్ప్రే డబ్బా కూడా అంతే. ముందు తెల్లజిగురులో నల్ల రంగు కలిపి బ్రష్‌తో రెండు పూతలు వేసి, ఒక్క సందూ మిగల్లేదని చూసుకున్నాకే స్ప్రే.

అన్ని ఓడల డెక్ ఎత్తూ ఒకటే ఉంచు, 30 అంటే 30. ఒకటి 20, ఒకటి 40 అయితే దూకే ప్రతిసారీ నియమాల పుస్తకం తియ్యాల్సొస్తుంది. కిట్ ఓడల్ని నీటిగీత దగ్గర కోసేటప్పుడూ ఇదే కొలత చూసుకో. చెక్క ముక్కకి పెన్సిల్ కట్టి, దాన్ని బల్ల మీద జరుపుతూ ఓడ చుట్టూ గీత గీస్తే అన్నివైపులా సమంగా వస్తుంది. రెండు సగాల్నీ అతికించకముందే కోసేసి, తరవాత లోపల మూడు నాలుగు అడ్డకమ్మీలు పెట్టు. లేకపోతే అడుగు పోయిన పొట్ట మధ్యలో లోపలికి నొక్కుకుపోతుంది.

కొయ్య 8 మి.మీ. మందం, 30 సెం.మీ. పొడవు. అతికించకు, ఊడొచ్చేలా ఉంచు. ఆట మధ్యలో చెయ్యి తగిలి విరిగేది అదే, మోసుకెళ్ళేటప్పుడు అడ్డొచ్చేదీ అదే. ఫోమ్‌లో ఉత్త చిల్లు పెడితే పదిసార్లకి వదులైపోతుంది కాబట్టి ప్లాస్టిక్ గొట్టం ముక్కని ఫోమ్ అడుగుదాకా దింపి, పైన డెక్‌కి, కింద ఓడ అడుగున పెట్టే అట్ట బేస్‌కి అంటించు. స్లూప్‌లో పెద్ద తెరచాప కింది వాసం వెనక డెక్ మీదుగా పోతుందిగా, దాన్ని డెక్‌కి 50 మి.మీ. పైన ఉంచు. కత్తి ఎత్తిన బొమ్మకి తల తగలదు. తెరచాప విప్పే ఉంచాలనుకుంటే పల్చటి నూలుగుడ్డని సగం నీళ్ళు, సగం తెల్లజిగురులో ముంచి ప్లాస్టిక్ కాగితం మీద ఆరబెట్టు. ముందు టీ డికాక్షన్‌లో నానిస్తే మంచి మాసిన రంగొస్తుంది. చుట్టి కట్టేసిన తెరచాపే ఆటకి సుఖం, చెయ్యి దూరుతుంది. తాళ్ళు ఎంత తగ్గిస్తే అంత మంచిది. పక్కనుండే నిచ్చెన వలకి చదరపు గళ్ళ వల ముక్కని కొయ్య తలకి అంటించి, కింద తీగ కొక్కెంతో గోడకి తగిలించు, కొయ్యతో పాటే లేచొస్తుంది.

అడుగున మూడు నాలుగు ఇనప వాషర్లు అంటించడం మర్చిపోకు. తేలికపాటి ఓడకి ఎత్తు కొయ్య ఉంటే ఫ్యాను గాలికే బోల్తా కొడుతుంది. బేస్‌కి పల్చటి అట్ట వాడి ఒకవైపే నీళ్ళ రంగు వేశావంటే అప్పడంలా లేస్తుంది, రెండు వైపులా వెయ్.

ఇక నీకు మనుషులకంటే ఓడల మీదే మోజు, నౌకాదళాలు నడపాలి అంటే లెక్కే వేరు. సెయిల్స్ ఆఫ్ గ్లోరీ ఆట ఓడలు 1:1000లో రంగులు వేసే వస్తాయి, బ్లాక్ సీస్ ఆటవి 1:700. బ్రిటిష్ వాళ్ళ విక్టరీ లాంటి పెద్ద యుద్ధ ఓడ కూడా ముక్కు కొయ్య వదిలేస్తే 1:700లో పది సెం.మీ. దాటదు. 2004లో విజ్‌కిడ్స్ తెచ్చిన పైరేట్స్ ఆఫ్ ది స్పానిష్ మెయిన్ ఓడలు ప్లాస్టిక్ కార్డులోంచి ఊడదీసి గుచ్చేవి, పాతవి గుత్తగా దొరికితే వదలకు. వాటి కొయ్యలు విరుగుతాయి, ఒక చుక్క జిగురు చాలు.

ముందు ఒక్క స్లూప్ అట్ట మీద నిజమైన సైజులో గీసి, కత్తిరించి, మీద నీ బొమ్మలు పన్నెండు నిలబెట్టి ఫొటో పంపు. జాగా చాలకపోతే అప్పుడే వెడల్పు ఒక సెంటీమీటర్ పెంచుదాం. ఫోమ్ కొయ్యకముందే పంపు మరి.

నీ
గోపి