మంత్రి గారూ, మా పిల్లల్ని చలిలో నిలబెట్టి పరిగెత్తించకండి

రాష్ట్ర క్రీడల శాఖ మంత్రి గారికి,

నమస్తే సార్. నేను ఆదిలాబాద్ వైపు ఏజెన్సీలో ఒక ఆశ్రమ పాఠశాల పీఈటీని, అంటే ఆటల మాస్టారిని. పంతొమ్మిదేళ్ల సర్వీసు. ఈ ఉత్తరం ట్రాన్స్‌ఫర్ కోసమో పీఆర్సీ కోసమో కాదు, డిసెంబర్ నెలలో పొద్దుటి పూట గ్రౌండ్‌లో ఏం జరుగుతుందో చెప్పడానికి.

మా చలి మీకు టీవీలో ఒక అంకె. సిర్పూర్(యు), గిన్నెదరి లాంటి చోట్ల తెల్లవారుజామున 6, 7 డిగ్రీలకు పడిపోవడం మాకు వింతేం కాదు. సరిగ్గా ఆ రోజుల్లోనే ఆటల పోటీలు ఒకదాని వెనక ఒకటి వస్తాయి. మే నెలకు మార్చమని అడగను, ఆ ఎండలో పరిగెత్తిస్తే అది ఇంకో పాపం. చలికాలం ఆటలకు మంచి కాలమే. కానీ చలిని లెక్కలోకి తీసుకోకుండా షెడ్యూల్ వేస్తున్నారు, గొడవంతా అక్కడే.

పోటీ రోజు ఎలా నడుస్తుందో వినండి. 8 గంటలకు రిపోర్టింగ్ అని కాగితం వస్తుంది. మండల కేంద్రం మాకు 40 కిలోమీటర్లు. పిల్లలు నాలుగున్నరకే లేచి, చన్నీళ్లతో మొహం కడుక్కుని, ట్రాలీ ఆటోలో గాలికి ముడుచుకుని వస్తారు, ఉప్మా సగం మంది ముట్టరు, నీళ్లు అసలే తాగరు (చలికి దాహం తెలియదు, ఒంట్లో నీరు మాత్రం తగ్గుతూనే ఉంటుంది). దిగగానే నేను నాలుగు రౌండ్లు కొట్టించి, ఒళ్లు వేడెక్కించి రెడీగా పెడతాను. అప్పుడు మైకులో వినపడుతుంది, ముఖ్య అతిథి గారు దారిలో ఉన్నారని. ఆ దారి రెండు గంటల దారి సార్! ఆ రెండు గంటలూ పిల్లలు నిక్కర్లు, బనియన్లతో లైన్లో ఉండాలి, మార్చ్‌పాస్ట్ ఉంది కదా. కొందరు మెల్లగా జారుకుని గోడ పక్కన చలిమంట వేసుకుంటారు. మోకాళ్లు ఎర్రగా కాలిపోతుంటాయి, వీపు మంచుగడ్డలా ఉంటుంది. ఆ మంట వేడి చర్మం దాటి తొడ కండరం దాకా పోదు. బామ్ రుద్దుకున్నా అంతే, పైన మంట పుడుతుంది, లోపల కండరం అలాగే బిగుసుకుని ఉంటుంది.

తర్వాత ఉపన్యాసాలు. తర్వాత విజిల్.

రెండేళ్ల కింద ఒక తొమ్మిదో తరగతి గోండు పిల్ల, 200 మీటర్లు, మా జిల్లాలో గెలుస్తుందని నేను గట్టిగా నమ్మిన పిల్ల, మలుపు దాటగానే ఒక్కసారిగా ఆగి వెనక్కి తిరిగి చూసింది. పడిపోలేదు, వెనక్కి చూసింది. నేను పరిగెత్తి పోయేసరికి తొడ వెనక చెయ్యి పెట్టుకుని ‘సార్, ఎవరో రాయితోని కొట్టిండ్రు’ అంది. ఎవరూ కొట్టలేదు. తొడ వెనక కండరం చిరిగినప్పుడు అచ్చం అలాగే అనిపిస్తుంది. ఈలోగా ఒకాయన ఆవనూనె తెచ్చి మర్దన మొదలుపెట్టాడు, ఇంకొకాయన కాలు పట్టి గుంజబోయాడు. కొత్తగా చిరిగిన చోట ఆ రెండూ చేస్తే లోపల రక్తం ఇంకా కారుతుంది. గుడ్డలో చుట్టిన ఐస్ పెట్టి, కట్టు కట్టి, కాలు ఎత్తులో ఉంచాలి. ఐస్ ఎక్కడిది? చలికాలం, జ్యూస్ బండ్లు లేవు. చివరికి చేపలమ్మే ఆయన థర్మకోల్ డబ్బాలోంచి రెండు గుప్పిళ్లు తెచ్చాను. మంచు కురిసే ఊళ్లో ఐస్ దొరక్క చేపల బజారుకు పోయాను, నవ్వుకోండి.

ఎందుకిలా అంటే, చలికి ఒళ్లు ముందు గుండెను, పొట్టను కాపాడుకుంటుంది, చేతులకూ కాళ్లకూ రక్తం తగ్గిస్తుంది. చల్లబడిన కండరం సాగదు, నరాల నుంచి కబురు కూడా నిదానంగా చేరుతుంది, అడుగు పడే తీరు కాస్త తప్పుతుంది. ఒక్కసారిగా పూర్తి వేగం అడిగితే తెగేది అదే.

దీనికి మందు ఖరీదైందేం కాదు. ప్రపంచ ఫుట్‌బాల్ సంఘం ఫిఫా వాళ్లు 11+ అని 20 నిమిషాల వార్మప్ ఒకటి తయారు చేశారు. మనకంటే ఎంతో చలి దేశం నార్వేలో, 13 నుంచి 17 ఏళ్ల ఆడపిల్లలు దాదాపు 1,900 మందితో పరీక్షిస్తే, 11+ చేసిన జట్లలో గాయాలు మూడో వంతు దాకా తగ్గాయని 2008లో తేలింది. దానికి కావాల్సింది గ్రౌండు, ఒక బంతి, చేయించే మనిషి. మనం ఏం చేయిస్తున్నాం? వణుకుతున్న పిల్లాణ్ని వంగి కాలివేళ్లు పట్టుకోమని పది అంకెలు లెక్కపెడుతున్నాం. నేనే పన్నెండేళ్లు అలా చేయించాను, ఒప్పుకుంటున్నా. ముందు నిదానంగా పరుగు, తర్వాత కాళ్లు ఊపడం, మోకాళ్లు పైకెత్తడం, చివర్లో వేగం పెంచుకుంటూ చిన్న చిన్న పరుగులు. పట్టుకుని సాగదీయడం ఆట అయ్యాక. ఇక బెంచీ మీద కూర్చున్న సబ్‌స్టిట్యూట్ సంగతి ఎవరికీ పట్టదు, అరగంట చల్లబడి నేరుగా కబడ్డీ కూతకు పోతాడు, కింద మ్యాట్ మీద మంచు తడి అలాగే ఉంటుంది, తుడవడానికి ఒక పాత దుప్పటి కూడా ఉండదు.

పెద్దవాళ్ల సంగతీ ఇంతే. పోలీసు నియామకాల దేహదారుఢ్య పరీక్షలు 2022 డిసెంబర్‌లో మొదలైనప్పుడు మగవాళ్లకు 1600 మీటర్లు, ఆడవాళ్లకు 800. గీత దగ్గర చల్లబడి నిలబడినవాడికి పిక్క పట్టేస్తే ఏళ్ల కష్టం ఆ ఒక్క పొద్దున పోతుంది.

నేనడిగేది పెద్దదేం కాదు. షెడ్యూల్ కాగితంలో ప్రతి ఈవెంట్ ముందు 20 నిమిషాల వార్మప్ అని అచ్చు వేయించండి, అది పూర్తవకుండా విజిల్ ఊదొద్దని రాయించండి. పొద్దున పూట చెస్, క్యారమ్స్ పెట్టుకోండి, పరుగులు, లాంగ్‌జంప్ ఎండ వచ్చాక పెట్టండి. అతిథులు ఎప్పుడొస్తే అప్పుడు మైకు ఇద్దాం, ఆట మాత్రం వాళ్ల కోసం ఆగకూడదు (మీరొచ్చినా సరే, తప్పుగా అనుకోకండి). ట్రాక్‌సూట్లు చలి జిల్లాలకు నవంబర్‌లోనే చేరాలి, బహుమతుల రోజున ఫొటో కోసం పంచే టీషర్టుల డబ్బులతోనే చాలావరకు వస్తాయి. గ్రౌండ్‌కు ఒక ఐస్ డబ్బా, కట్టు కట్టడం తెలిసిన ఒక మనిషి. చలి ముదిరితే మా దగ్గర బడి వేళలే మారుస్తారు, పోటీల వేళలు మార్చడం కష్టమా?

ఆ పిల్ల మూడు నెలలు కుంటింది. మరుసటి ఏడు పోటీలకు పోలేదు, వాళ్లమ్మ పంపనంది. ఈసారి వచ్చి 200 మీటర్లకు మళ్లీ పేరు రాయించుకుంది. రిపోర్టింగ్ టైమ్ ఉదయం 8 గంటలు అని కాగితం నిన్ననే వచ్చింది.

ఇట్లు,
ఏజెన్సీ నుంచి ఒక పీఈటీ