అంగన్‌వాడీలో పాఠం వేళ కాపాడాలి
అంగన్‌వాడీల్లో చాలాచోట్ల అన్నం, గుడ్డు వేళకు అందుతున్నా, 3–6 ఏళ్ల పిల్లలకు చెప్పాల్సిన పూర్వ ప్రాథమిక విద్య మాత్రం పక్కకు పోతోంది. అంగన్‌వాడీలను నడిపే, 1975లో మొదలైన ఐసీడీఎస్ (సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం)లో ఇది కీలక భాగం. ఇప్పుడు ఈ వయసు పిల్లల కోసం కేంద్రం తెచ్చిన ‘ఆధారశిల’ పాఠ్య ప్రణాళిక కూడా ఉంది. లోపం పాఠంలో లేదు, వేళలో ఉంది. పిల్లలు చురుగ్గా ఉండే పొద్దుటి పూటే టీచర్ బరువులు, ఎత్తులు కొలవాలి, పోషణ్ ట్రాకర్ అనే ఫోన్ యాప్‌లో వివరాలు ఎక్కించాలి, ఇంటికిచ్చే సరుకులకు తల్లుల ముఖ గుర్తింపు తీసుకోవాలి. సిగ్నల్ పోతే మళ్లీ మొదటికే. ఆయా వంటలో ఉంటుంది. ఇక పాట చెప్పేదెవరు? ఆట వస్తువుల కిట్ పోతే జవాబు చెప్పుకోవాలన్న భయంతో బీరువా దాటదు. ఇదంతా చూసి కూలి చేసుకునేవాళ్లు కూడా అప్పు చేసి ప్రైవేటు నర్సరీ ఫీజు కడుతున్నారు (అక్కడ మూడేళ్ల వేళ్లకు పెన్సిలిచ్చి అక్షరాలు దిద్దించడం మరో విడ్డూరం). ఉదయం రెండున్నర గంటలు బోధనకే కేటాయిస్తూ ప్రభుత్వం ఉత్తర్వు ఇవ్వాలి. ఆ వేళలో యాప్ నమోదులు, సమావేశాలు పెట్టకూడదు. తూకాలను నెలలో ఒక నిర్ణీత మధ్యాహ్నానికి మార్చాలి. పాతికమంది పిల్లలు దాటిన కేంద్రానికి రెండో టీచర్‌ను ఇవ్వాలి. విరిగిన బొమ్మలకు టీచర్ జీతంలో కోత ఉండదని అదే ఉత్తర్వులో రాయాలి.