మెగావాట్లు సరే, రోజుకు ఎన్ని యూనిట్లు?

సంపాదకుడికి,

అయ్యా,

కొత్త సోలార్ ప్లాంటు వార్త వచ్చినప్పుడల్లా '100 మెగావాట్లు' అని పెద్దక్షరాల్లో వేస్తున్నారు. మెగావాట్ అనేది కుళాయి ధార లాంటిది, ఎండ నిండుగా ఉన్నప్పుడు ఎంత జోరుగా వస్తుందో చెబుతుంది. మన మీటరు లెక్కపెట్టేది మాత్రం ఎన్ని బిందెలు నిండాయన్నది, అంటే యూనిట్లు. ఒక కిలోవాట్ ధార గంటసేపు వస్తే ఒక యూనిట్. ఎండ బాగా కాసేచోట ఒక కిలోవాట్ ప్యానెల్ రోజుకు సుమారు 4 యూనిట్లు ఇస్తుంది. ఆ లెక్కన 100 మెగావాట్లకు, అంటే లక్ష కిలోవాట్లకు, 4 లక్షల యూనిట్లు. అంతే సామర్థ్యమున్న బొగ్గు ప్లాంటు రోజంతా పూర్తి స్థాయిలో నడిస్తే 24 లక్షలు. రెంటికీ అంకె ఒకటే, తేడా ఆరు రెట్లు!

ఇక మన వాడకం. ఛార్జర్ ప్లగ్గులోనే వదిలేశారని పిల్లల్ని చాలాసార్లు కసిరాను. తీరా కాగితం మీద లెక్క వేస్తే, 20 లీటర్ల బకెట్టు నీళ్లు 30 డిగ్రీలు వేడెక్కడానికి 0.7 యూనిట్ కావాలి. దాంతో ఫోను దాదాపు 40 సార్లు ఫుల్ ఛార్జి అవుతుంది. అదే కరెంటు నీటి నుంచి తీయాలంటే 100 మీటర్ల ఎత్తు నుంచి అలాంటి బకెట్లు 130 దూకాలి, అదీ టర్బైన్లో చుక్క నష్టం లేకుంటే. నా ఒక్క స్నానానికి! ఆ రోజు నుంచి పిల్లల్ని ఏమీ అనడం లేదు.

కరెంటు బిల్లులో కనపడనిది పెట్రోలు. లీటరులో సుమారు 9 యూనిట్ల శక్తి ఉంటుంది. రోజుకు 2 లీటర్లు తాగే కారుది 18 యూనిట్ల ఖర్చు, అందులో ఎక్కువ భాగం ఉత్త వేడిగానే పోతుంది. లీటరుకు 15 కిలోమీటర్లు అనుకుంటే, అంతే దూరం ఎలక్ట్రిక్ కారు 5 యూనిట్లలో వెళ్లొస్తుంది. అంటే బండి మారిస్తే మొత్తం శక్తి అవసరం తగ్గుతుంది, కరెంటు అవసరం పెరుగుతుంది. 'సూర్యుడున్నాడుగా, ఇంకేం కావాలి' అనేవాళ్లూ, 'ఇవన్నీ ఆటబొమ్మలు' అని కొట్టిపారేసేవాళ్లూ ఈ లెక్క జోలికి పోరు.

అన్నీ కలిపి మనిషికి రోజుకు 20 యూనిట్లనుకుంటే 5 కిలోవాట్ల ప్యానెళ్లు కావాలి. పరిస్తే, ఐదేసి మీటర్ల పొడవూ వెడల్పూ ఉన్న ఒక గదంత. రాత్రికి దాచుకునే బ్యాటరీల సంగతి వేరే. నలుగురున్న ఇంటికి అలాంటి గదులు నాలుగు. ఇది సాధ్యమా కాదా అని అప్పుడు ఎవరైనా వాదించగలరు, మెగావాట్లతో కుదరదు.

అందుకే నా విన్నపం ఒక్కటే. ఇకపై ఇలాంటి వార్తల్లో మెగావాట్ల పక్కనే రోజుకు సగటున ఎన్ని యూనిట్లో కూడా వేయించండి. మబ్బు రోజుల లెక్క విడిగా ఇస్తే మరీ మంచిది.

ఇట్లు,
ఒక పాఠకురాలు