సూర్యానికి, బానల విషయమై

విజయనగరం,
కార్తీక బహుళం.

ప్రియమైన సూర్యానికి,

నీ ఉత్తరం చేరింది. నాసిక్ జిల్లా దిండోరి దగ్గర కౌలుకు తీసుకున్న ద్రాక్షతోటలో ఈసారి ఈస్టు పొడి వేయకుండా, వైన్ చెడిపోకుండా వేసే గంధకం కలపకుండా, స్టీలు ట్యాంకులను పక్కనబెట్టి మట్టి బానల్లో వైన్ పులియబెడతానని, ఆ బానలను మన ప్రాంతపు కుమ్మరుల చేతనే చేయించి పంపాలని రాశావు. పని మొదలుపెట్టాను. అయితే నీ ఆలోచనలో నాకు ఒక చిక్కు కనబడింది. దాన్ని ముందుగా వివరంగా రాస్తాను; నువ్వు ఎలాగూ వాదిస్తావు కనుక తీరిక చూసుకుని చదువు.

నువ్వు ఆదర్శంగా పెట్టుకున్నది జార్జియా దేశపు క్వెవ్రి. మెడ దాకా నేలలో పూడ్చే ఆ కోడిగుడ్డు ఆకారపు బానలో వైన్ చేసే పద్ధతిని యునెస్కో 2013లో వారసత్వ సంపదగా గుర్తించింది. కఖేతి ప్రాంతం వాళ్లు ద్రాక్షరసాన్ని తొక్కు, గింజలు, ఒక్కొక్కసారి కాడలతో సహా అందులో పోసి ఐదారు నెలలు మూసి ఉంచుతారు. అడుగు సన్నగా ఉండటం వల్ల గింజలు అక్కడికి దిగి, వాటి మీద మడ్డి, తొక్కు పేరుకుంటాయి కనుక గింజల చేదు వైన్‌లోకి అంతగా ఎక్కదు. ఇంత తెలివైన పాత్ర మరొకటి లేదంటే ఒప్పుకుంటాను. కాని వాళ్ల కోత సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో జరుగుతుంది. పులియడం ముగిసేసరికి చలికాలం వచ్చి బానను కాపాడుతుంది. నీ కోత జనవరి నుంచి మార్చి దాకా సాగుతుంది. నీ బాన మూత పడేసరికి ఎండలు ముదురుతాయి. పూడ్చిపెడితే చల్లగా ఉంటుందని రాశావు గాని, నేల లోతుల్లో వేడి ఆ ఊరి ఏడాది సగటు ఉష్ణోగ్రతకు దగ్గరగానే నిలుస్తుంది. ఆ సగటు జార్జియాలో తక్కువ, నాసిక్‌లో ఎక్కువ. ఇటలీలోని ఓస్లావియాలో యోష్కో గ్రావ్‌నెర్ స్టీలును, కొత్త ఓక్ పీపాలను వదిలి, 2000లో జార్జియా వెళ్లి చూసి వచ్చి, 2001 పంటనుంచి ఈ బానలకు మారాడని నువ్వే ఒకసారి చెప్పావు. ఆయనదీ చలిదేశమే కదా!

అందువల్ల బానను పూడ్చకు. ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధనా సంస్థ వారు కూరగాయల నిల్వకోసం 1980లలో ఒక గది రూపొందించారు: రెండు వరుసల ఇటుక గోడ కట్టి, మధ్యలో ఇసుక నింపి, ఆ ఇసుకను రోజూ తడుపుతూ ఉంటే, నీరు ఆవిరయ్యేటప్పుడు లోపలి వేడిని తీసుకుపోతుంది. కరెంటు అక్కర్లేదు. సముద్రపు తేమగాలి వీచే మన భీమిలి, కళింగపట్నం వైపు ఇది అంతంత మాత్రంగానే పనిచేస్తుంది గాని, మీ ఏప్రిల్ నెల పొడిగాలికి సరిగ్గా సరిపోతుంది. వానలు పడ్డాక చల్లదనం తగ్గినా అప్పటికి ఎండ కూడా తగ్గుతుంది. బానను ఆ గదిలో నిలబెట్టు. తొక్కుతో ఆరు నెలలన్న పంతం కూడా మానుకుని, షెనాన్ బ్లాంక్ అనే తెల్లద్రాక్ష రసాన్ని మార్చి దాటకుండా తొక్కునుంచి వేరుచేయి. కాడలు బాగా పండి గోధుమరంగు తిరిగితే తప్ప వాటి జోలికి పోకు.

ఇక బానల సంగతి. బొబ్బిలి దారిలో ఉన్న కుమ్మరి తాత దగ్గరకు వెళ్లాను. నూనె బానలు, ధాన్యపు గాదెలు చేసిన చేయి ఆయనది. ఇప్పుడు ప్రమిదలు, సంక్రాంతి కుండలు తప్ప అడిగేవారు లేరని నిట్టూర్చాడు. అంత పెద్దది సారె మీద ఒక్కసారిగా లేవదని, అడుగు భాగం సారె మీద చేసి, పైకి మట్టి చుట్టలు పేర్చుకుంటూ లోపల రాయి ఆనించి బయట చెక్కతో తట్టి పెంచాలని, నీడలో మెల్లగా ఆరబెట్టకపోతే ఆవంలో పగులుతుందని చెప్పాడు. లోపల ఏం పోస్తారని అడిగాడు. ద్రాక్షరసమని చెప్పగానే, "కుండ చెమరుస్తుంది బాబూ, సగం గాలికే పోతుంది," అన్నాడు. క్వెవ్రికి లోపల తేనెమైనం పూసేది ఇందుకే. సీతంపేట ఏజెన్సీలో మంచి మైనం దొరుకుతుంది, తెప్పిస్తాను. అది కరగడానికి అరవై డిగ్రీలు దాటాలి కనుక మీ ఎండకు కారిపోతుందన్న భయం లేదు. అయితే బానను వేడిచేసి రుద్దితేనే మైనం రంధ్రాల్లోకి ఇంకుతుంది. మరొక మాట. బుడితి ఇత్తడి బిందెల్లో రసం పట్టాలన్న నీ సరదాను దయచేసి వదులుకో. చింతపండు పులుసుకే మన అమ్మలు కళాయి వేయించేవారు!

ఈస్టు విషయంలో మాత్రం నీ పక్షాన ఒక సాక్షిని తెచ్చాను. మా ఊరి తాళ్ల మీద కల్లు గీసే అప్పన్న మామ ఏ పొడీ వేయడు; కల్లు చెట్టు మీదనే పొంగుతుంది. ఎలాగని అడిగితే, లొట్టిని మరీ తోమకూడదని, పాత కల్లు వాసన అందులో ఉండాలని, తీపి నీరా కావాలంటే మాత్రం కడిగి సున్నం రాస్తానని చెప్పాడు. నీ విషయంలోనూ జరిగేది అదే. వైన్‌ను చివరిదాకా పులియబెట్టే శాకరోమైసిస్ ఈస్టు ఆరోగ్యమైన ద్రాక్షపండు మీద చాలా అరుదు. పాత పీపాలు, పంపులు, గోడలే దాని నివాసం. పండు మీదనుంచి వచ్చే ఇతర ఈస్టులు పని మొదలుపెట్టి, ఆల్కహాలు నాలుగైదు శాతం చేరేసరికి చాలావరకు చతికిలబడతాయి. నీ కొత్త బానలో ఆ కాపురముండేవారెవరూ లేరు. కనుక అసలు కోతకు వారం ముందు శుభ్రమైన గుత్తులు కొన్ని కోసి, రెండు మూడు జాడీల్లో విడివిడిగా పులియబెట్టు. గోళ్లరంగు వాసన, వెనిగర్ ఘాటు వచ్చినదాన్ని పారబోసి, మంచిదాన్ని బానలో తోడు వేయి. మందు పిచికారీ చేసిన గుత్తులను దీనికి వాడకు.

గంధకం మీద నీ పట్టుదల నాకు నచ్చదని నీకు తెలుసు. పులిసేటప్పుడు ఈస్టు తానే కాస్త గంధకాన్ని పుట్టిస్తుంది కనుక బొత్తిగా లేని వైన్ అంటూ ఉండదు. గంధకం లేని వైన్‌కు నువ్వు గురువుగా భావించే, ఫ్రాన్సులోని బోజొలే వాసి ఝూల్ షోవే రసాయనశాస్త్రం చదివి, సూక్ష్మదర్శినితో ఈస్టులను పరిశీలించినవాడు. వదిలేస్తే అదే అవుతుందని ఆయన అనుకోలేదు. వేడి ప్రాంతపు ద్రాక్షలో పులుపు త్వరగా పడిపోతుంది, పులుపు తగ్గిన రసంలో బాక్టీరియా చెలరేగుతుంది. కాబట్టి కాస్త ముందుగా కోయి, పీహెచ్ (పులుపు తగ్గేకొద్దీ పెరిగే కొలత) 3.5 దాటకుండా చూసుకో, బానను మూతి దాకా నింపు. ఒక బానకు గంధకం లేకుండా, రెండవదానికి చిటికెడు వేసి చూడు. ఏది బాగుందో నాలుకే తేల్చుతుంది. నా నాలుక కాదులే, ఇక్కడికి సీసాలు పంపి నన్ను ఎక్సైజు వాళ్ల పాలు చేయకు. నేనే వేసవి సెలవుల్లో అక్కడికి వస్తాను.

తాత సంక్రాంతి కుండల పనిలో పడేలోగా మట్టి తొక్కించాలి. మూతి వెడల్పు ఎంతో, నీ చేయి భుజం దాకా దూరి కడగడానికి వీలుగా ఉండాలో వద్దో వెంటనే రాయి. రెండు బానలకు బదులు మూడు కాల్పిస్తున్నాను, దారిలో ఒకటి పగిలినా ఇబ్బంది ఉండదు. వరిగడ్డి చుట్టి లారీకి ఎక్కిస్తాను. దింపేటప్పుడు నువ్వు దగ్గర ఉండు. చెల్లాయికి, పిల్లలకు మా ఆశీస్సులు.

నీ
రామం