రిపీట్ ఎక్స్‌రేల లెక్క ఆసుపత్రులు రాసి ఉంచాలి

గౌరవనీయులైన సంపాదకులకు,

నమస్కారం. మన ప్రాంతంలోని ఆసుపత్రులకు కొత్త డిజిటల్ ఎక్స్‌రే యంత్రాలు, సీటీ స్కానర్లు వచ్చాయన్న వార్తలు మీ పత్రిక జిల్లా పేజీల్లో తరచూ చదువుతున్నాను. యంత్రానికి ఎంత ఖర్చయిందో, ఎవరు ప్రారంభించారో వాటిలో ఉంటుంది. ఆ యంత్రం ముందు రోగిని నిలబెట్టి, సరిచూసి మీట నొక్కే మనిషి గురించి గానీ, తీసిన ఎక్స్‌రేలలో పనికిరాక తీసేసినవాటి గురించి గానీ ఒక్క వాక్యం ఉండదు. గుంటూరులోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో రేడియోగ్రాఫరుగా పనిచేస్తూ, ఫిలిం రోజుల నుంచీ ఈ వృత్తిలోనే ఉన్నవాడిని గనుక, ఆ తీసేసిన ఎక్స్‌రేల గురించి రాయడం నా బాధ్యత అనుకుంటున్నాను.

తీసిన ఎక్స్‌రే పనికిరానప్పుడు మళ్లీ తీయడాన్ని మేం రిపీట్ అంటాం. రోగి కదిలి ఉండవచ్చు, ఊపిరి సగమే పీల్చి ఉండవచ్చు, మోకాలు కావలసిన కోణంలో లేకపోవచ్చు, మెడలోని గొలుసు నీడ ఎముక మీద పడి ఉండవచ్చు. కారణం ఏదైనా రోగి శరీరం రెండోసారి రేడియేషన్‌కు గురవుతుంది. మొదటిసారి తగిలిన దానివల్ల అతనికి వీసమెత్తు ఉపయోగం ఉండదు. వైద్యంలో రేడియేషన్ వాడకానికి మొదటి నియమమే, దానివల్ల కలిగే మేలు హాని కన్నా ఎక్కువగా ఉండాలన్నది. చెడిపోయిన ఎక్స్‌రేలో మేలు అనేదే లేదు కాబట్టి, మోతాదు ఎంత చిన్నదైనా అది ఆ నియమం ముందు నిలవదు.

ఈ మాట చదివి ఎవరూ ఎక్స్‌రే అంటే బెదిరిపోకూడదని కొలతలు కూడా చెబుతున్నాను. ఛాతీకి తీసే ఒక ఎక్స్‌రేలో రోగికి అందేది 0.1 మిల్లీసీవర్టు లోపే (శరీరానికి తగిలే రేడియేషన్‌ను కొలిచే ప్రమాణం మిల్లీసీవర్టు). నేల నుంచి, ఆకాశం నుంచి, తినే తిండి నుంచి, పీల్చే గాలి నుంచి ప్రతి మనిషికీ ప్రపంచ సగటున ఏడాదికి సుమారు 2.4 మిల్లీసీవర్టుల సహజ రేడియేషన్ ఎలాగూ అందుతూనే ఉంటుంది. కాబట్టి డాక్టరు అవసరమని రాసిన ఎక్స్‌రేను భయపడి మానుకోవడం మంచిది కాదు. అయితే నడుము ఎక్స్‌రేకు ఛాతీ ఎక్స్‌రే కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ మోతాదు కావాలి. పొట్టకు తీసే సీటీ స్కాన్‌లో అది 8 నుంచి 10 మిల్లీసీవర్టుల దాకా ఉండవచ్చు. పసిపిల్లల శరీరం ఇంకా ఎదుగుతూ ఉంటుంది, ముందు బతకవలసిన ఏళ్లూ ఎక్కువ, కనుక వారి విషయంలో మరింత జాగ్రత్త అవసరం. రిపీట్ విషయంలో నా ఆందోళన ప్రధానంగా నడుము ఎక్స్‌రేలు, సీటీలు, పసిపిల్లల గురించే.

ఫిలిం ఉన్న రోజుల్లో రిపీట్‌ను దాచడం కుదిరేది కాదు. డార్క్‌రూమ్‌లో ఎర్రదీపం వెలుతురులో ఫిలింను డెవలపర్‌లో ముంచి, కడిగి, ఫిక్సర్‌లో వేసి, ఆరబెట్టి చూస్తే, మోతాదు ఎక్కువైనది నల్లగా మాడిపోయి, తక్కువైనది తెల్లగా పేలవంగా కనిపించేది. చెడిన ఫిలింకు ఖరీదు ఉండేది. ఎన్ని ఫిలింలు ఇచ్చాను, ఎంతమంది రోగులకు వాడారు అని స్టోరు గుమాస్తా రిజిస్టరు ముందు పెట్టుకుని అడిగేవాడు. చెడిన ఫిలింలను పారేసేవాళ్లు కూడా కాదు. వాటిలోని వెండి కోసం కొనేవాళ్లు వచ్చి తూకం వేసి తీసుకెళ్లేవారు. డబ్బు కోసం పుట్టిన లెక్కే అయినా దాని చాటున రోగికి ఒక రక్షణ ఉండేది. చెడిన ఫిలింలను వ్యూబాక్సు మీద, అంటే వెనుక నుంచి వెలుగుపడే పెట్టె మీద, వరుసగా పెట్టి, ఏది ఎందుకు చెడిందో మా సీనియర్లు మాకు చూపించేవారు. పొజిషనింగ్ అనే విద్య, అంటే రోగిని సరైన కోణంలో నిలబెట్టడం, పడుకోబెట్టడం, నాకు పట్టుబడింది చాలావరకు ఆ వ్యూబాక్సు దగ్గరే.

డిజిటల్ పద్ధతి వచ్చాక రసాయనాల వాసన పోయింది, క్షణాల్లో బొమ్మ తెర మీదికి వస్తోంది, పల్లెటూరి ఆసుపత్రిలో తీసినదాన్ని నగరంలోని రేడియాలజిస్టు, అంటే ఎక్స్‌రేలు, స్కాన్‌లు చదివే డాక్టరు, తన కంప్యూటర్‌లో చూసి రిపోర్టు ఇవ్వగలుగుతున్నారు. ఈ మేలును నేను తక్కువ చేసి చెప్పడం లేదు. కానీ బాగాలేని బొమ్మను ఇప్పుడు ఒక్క నొక్కుతో తీసేయవచ్చు, ఫిలిం ఖర్చు లేదు కనుక అడిగేవారూ లేరు. బొమ్మను తిరస్కరించేటప్పుడు కారణం అడిగే ఏర్పాటు చాలా యంత్రాల్లో ఉంది. నేను పనిచేసిన చోట్ల, జాబితాలో మొదట కనిపించిన కారణాన్ని నొక్కి ముందుకు పోవడమే అలవాటు. ఆ వివరాలను నెలాఖరున బయటికి తీసి చూసిన యాజమాన్యం నాకు తారసపడలేదు.

దీనికన్నా లోతైన చిక్కు ఇంకొకటి ఉంది. మోతాదు కొంత ఎక్కువైనా డిజిటల్ బొమ్మ నల్లబడదు. కంప్యూటర్ దాన్ని సరిదిద్దుతుంది, పైగా బొమ్మ మరింత నున్నగా, స్పష్టంగా కనిపిస్తుంది. మోతాదు తగ్గితే మాత్రం ఇసుక చల్లినట్టు గరుకుగా వస్తుంది, రిపోర్టు రాసే డాక్టరు వెంటనే ఫోన్ చేస్తారు. తక్కువైనప్పుడు ఫోన్ వచ్చి, ఎక్కువైనప్పుడు రాకపోతే, ఎవరి దురుద్దేశమూ లేకుండానే మోతాదు కొద్దికొద్దిగా పైకి జరుగుతూ పోతుంది. ఇది మన ఊరికే పరిమితమైన సమస్య కాదు, డిజిటల్ రేడియోగ్రఫీ ఉన్న ప్రతిచోటా గుర్తించినదే. అందుకే బొమ్మతో పాటు, బొమ్మను పట్టే పలక అయిన డిటెక్టర్ మీద ఎంత మోతాదు పడిందో చెప్పే ఎక్స్‌పోజర్ ఇండెక్స్, అది అనుకున్నదానికి ఎంత తేడాగా ఉందో చెప్పే డీవియేషన్ ఇండెక్స్ అనే రెండు అంకెలు చూపించే పద్ధతిని 2008లో అంతర్జాతీయ ప్రమాణంగా తెచ్చారు. డీవియేషన్ ఇండెక్స్ సున్నా ఉంటే డిటెక్టర్ మీద అనుకున్న మోతాదే పడిందని అర్థం. ప్లస్ 3 అంటే దాదాపు రెట్టింపు, మైనస్ 3 అంటే సగం. ఆ అంకెను చూడడానికి క్షణం చాలు, దాని అర్థం తెలిసిన మనిషి యంత్రం దగ్గర ఉంటే.

మా విషయంలో తీసుకునే జాగ్రత్తలను గమనించండి. నా ఛాతీ మీద రేడియేషన్‌ను కొలిచే టీఎల్‌డీ బ్యాడ్జి ఉంటుంది. రేడియేషన్‌ను అడ్డుకునే లెడ్ (సీసం) ఏప్రాన్ వేసుకున్నప్పుడు దాని లోపలి వైపే ఉండాలి. మూడు నెలలకోసారి దాన్ని ల్యాబ్‌కు పంపి, నాకు తగిలిన రేడియేషన్ కొలిచి, నా పేరు మీద నమోదు చేస్తారు. అణుశక్తి నియంత్రణ మండలి, మేం ఏఈఆర్‌బీ అని పిలిచే సంస్థ, మాకు విధించిన పరిమితి అయిదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్టులు. ఏ ఒక్క ఏడాదిలోనూ 30 మించకూడదు. మాతో పనిచేసే సోదరి ఎవరైనా గర్భవతినని తెలియజేస్తే, అప్పటి నుంచి కడుపులోని బిడ్డకు 1 మిల్లీసీవర్టు మించకుండా ఆమె డ్యూటీ సర్దాలి. ఇవన్నీ ఉండవలసినవే. రోగి ఛాతీ మీద మాత్రం ఏ బ్యాడ్జీ ఉండదు. వైద్యం కోసం తీసే ఎక్స్‌రేలకు రోగి విషయంలో ఇంతకు మించకూడదన్న పరిమితి లేదు, ఉండకూడదు కూడా. ప్రాణాపాయంలో ఉన్నవారికి ఎన్ని స్కాన్‌లు కావలసి వస్తాయో ముందుగా ఎవరూ చెప్పలేరు. పరిమితి పెట్టలేని చోట లెక్క అయినా ఉండి తీరాలని నా వాదన.

రిపీట్ ఎలా జరుగుతుందో పాఠకులకు తెలియాలంటే ఒక్క ఛాతీ ఎక్స్‌రేను దగ్గరగా చూడాలి. మిర్చి యార్డులో టిక్కీలు (మిర్చి బస్తాలు) మోసే హమాలీ ఒకరు విడవని దగ్గుతో వచ్చారనుకుందాం. చొక్కా, మెడలోని తాయెత్తు తీయించి, డిటెక్టర్‌కు ఛాతీ ఆనించి నిలబెట్టి, గడ్డం పైకెత్తించి, చేతులు నడుము మీద పెట్టించి భుజాలు ముందుకు తిప్పిస్తే రెక్క ఎముకలు ఊపిరితిత్తుల మీద నుంచి పక్కకు తప్పుకుంటాయి. ఎక్స్‌రేలు వెలువడే ట్యూబు ఆరడుగుల దూరంలో ఉంటుంది. అద్దం వెనుక నుంచి "గాలి గట్టిగా పీల్చండి, బిగబట్టండి" అంటే చాలామంది భుజాలు ఎగరేస్తారు గానీ లోపలికి గాలి తీసుకోరు. కొందరు పీల్చీ పీల్చగానే వదిలేస్తారు. గాలి నిండకపోతే ఊపిరితిత్తుల అడుగు భాగం కుంచించుకుని తెల్లగా కనిపిస్తుంది, గుండె పెద్దదైనట్టు తోస్తుంది, లేని నిమ్మును ఉన్నట్టు పొరపాటు పడే ప్రమాదం ఉంది. అందుకని మీట జోలికి పోకముందే నేను పీల్చి చూపించి, ఆయనతో పీల్పించి, దగ్గు తెర తగ్గేదాకా ఆగి తీయాలి. దీనికి పట్టేది ఒకటి రెండు నిమిషాలు. వరండాలో జనం చీటీలు పట్టుకుని కిక్కిరిసి ఉన్నప్పుడు మొట్టమొదట కోతపడేది ఆ నిమిషాలకే.

ఆడవారి జడ ఊపిరితిత్తి పైభాగం మీద పడుతుంది కనుక దాన్ని పైకి ముడి వేయించాలి. మంగళసూత్రం తీయమంటే కొందరు నొచ్చుకుంటారు. ఓపిగ్గా చెబితే దాన్ని అడ్డం లేని చోటికి జరిపే వీలు చాలాసార్లు ఉంటుంది. మొలతాడుకు కట్టిన వెండి బిళ్ల వెన్నుపూస మీద పడితే నడుము ఎక్స్‌రే వృథా. పసిబిడ్డను పట్టుకోవడానికి తల్లినో తండ్రినో లోపలికి రానిస్తే వారికి ఏప్రాన్ తొడిగి, ఎక్కడ పట్టుకోవాలో, ఎప్పుడు కదలకుండా ఉండాలో నేర్పాలి. ఎంత ఖరీదైన యంత్రమైనా ఈ పనులు దానంతట అది చేయలేదు.

నేను ఎరిగిన ప్రైవేటు ఆసుపత్రుల్లో రాత్రిపూట ఒక్క టెక్నాలజిస్టే (మా రేడియోగ్రాఫర్లకే ఇంకో పేరు) ఎక్స్‌రే గది, ఐసీయూలో పోర్టబుల్ (మంచం దగ్గరికే తోసుకెళ్లే ఎక్స్‌రే యంత్రం), సీటీ మూడూ చూసుకోవడం మామూలైపోయింది. హైవే ప్రమాదంలో తలకు దెబ్బ తగిలిన మనిషి సీటీ బల్ల మీద ఉండగానే ఐసీయూ నుంచి ఫోన్ మోగుతుంది, క్యాజువాలిటీ నుంచి విరిగిన చెయ్యి వస్తుంది. ఆ ఒత్తిడిలో, వార్డుబాయ్‌కు మీట నొక్కడం నేర్పించి పని గడిపే చోట్లు కూడా ఉన్నాయి. గుర్తింపు ఉన్న శిక్షణ పొందినవారే యంత్రాన్ని నడపాలని ఏఈఆర్‌బీ నిబంధనలు చెబుతున్నాయి. అనుబంధ ఆరోగ్య వృత్తులకు జాతీయ కమిషన్‌ను ఏర్పాటు చేస్తూ 2021లో పార్లమెంటు చేసిన చట్టం మా వృత్తిని కూడా తన పరిధిలోకి తెచ్చింది. విజయవాడలోని ఆరోగ్య విశ్వవిద్యాలయం కింద డిగ్రీ, పారామెడికల్ బోర్డు కింద డిప్లొమా పూర్తిచేసిన పిల్లలు ఏటా బయటికి వస్తున్నారు. చదువుకున్నవారు దొరక్క కాదు, సరైన జీతం ఇచ్చి పెట్టుకోకనే ఈ కొరత.

డాక్టర్లకూ ఒక మనవి. "కాలు ఎక్స్‌రే" అని మాత్రమే రాసిన చీటీ వస్తే తొడా, మోకాలా, చీలమండా, కుడా ఎడమా అన్నది నొప్పితో మూలుగుతున్న రోగిని అడిగి తెలుసుకోవలసి వస్తోంది. ఏ భాగం, ఏ వైపు, దెబ్బ ఎలా తగిలింది, దేన్ని అనుమానిస్తున్నారు అన్నది ఒక్క వరుసలో రాస్తే మళ్లీ తీయవలసిన అవసరం చాలావరకు తప్పుతుంది.

టెక్నాలజిస్టు ఎంత జాగ్రత్తపడినా తప్పని రిపీట్ ఒకటి ఉంది. నరసరావుపేటలో సీటీ తీయించుకున్న రోగిని గుంటూరుకు పంపుతారు, ఇక్కడి నుంచి విజయవాడకు పంపుతారు. సీడీ తేలేదనో, తెచ్చినా తెరుచుకోలేదనో, తమ యంత్రం మీదే చూడాలనో మళ్లీ స్కాన్ చేస్తారు. రెండు రోజుల తేడాలో ఒకే పొట్టకు రెండు సీటీలు పడిన రోగులను మేం చూస్తూనే ఉంటాం. జబ్బు ముదిరినప్పుడు మళ్లీ తీయడం న్యాయమే, సీడీ లేనందుకు తీయడం న్యాయం కాదు. రోగి బంధువులు పాత ఫిలింలు, సీడీలు, రిపోర్టులు అన్నీ ఒకే కవరులో దాచి ప్రతి ఆసుపత్రికీ తీసుకెళ్లాలి. గర్భం ఉండే అవకాశం ఏ కొంచెమున్నా అడగకముందే చెప్పాలి. కేంద్రం 2021లో ప్రారంభించిన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ కింద ఆభా సంఖ్యకు, అంటే ప్రతి వ్యక్తి తీసుకోగల ఆరోగ్య ఖాతా సంఖ్యకు, ఆరోగ్య రికార్డులను జతచేసే వీలుంది. స్కాన్ బొమ్మలు కూడా ఆ దారిలో ఒక ఆసుపత్రి నుంచి మరో ఆసుపత్రికి చేరేలా చూస్తే ఈ వృథా సగానికి సగం తగ్గుతుందని నా నమ్మకం.

నేను కోరేది పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు. ప్రతి ఎక్స్‌రే విభాగం నెలకు ఎన్ని తీసింది, ఎన్ని తిరస్కరించింది, ఎందుకు తిరస్కరించింది అన్నది యంత్రంలోంచే తీసి ఒక రిజిస్టరులో రాయాలి. రేడియాలజిస్టు, సీనియర్ టెక్నాలజిస్టు కలిసి కూర్చుని దాన్ని చూడాలి. ఎక్స్‌రే యంత్రానికి రెండేళ్లకోసారి నాణ్యత పరీక్ష చేయించి ఆ పత్రాలు భద్రపరుస్తున్న ఆసుపత్రులకు, అదే ఫైలులో ఈ కాగితం కూడా చేర్చడం కష్టం కాదు. శిక్షణకు వచ్చే విద్యార్థుల చేత ఈ లెక్క చేయిస్తే, మాకు ఒకప్పుడు వ్యూబాక్సు నేర్పిన చదువు వారికీ అందుతుంది. జర్మన్ శాస్త్రవేత్త రాంట్‌జెన్ 1895లో ఎక్స్‌రేలను కనుగొన్న నవంబరు 8ని మేం ఏటా రేడియోగ్రఫీ దినంగా జరుపుకుంటున్నాం. శాలువాలతో పాటు ఆ ఏడాది రిపీట్ల లెక్కను కూడా ఆనాడే అందరిముందు చదవాలి.

ఈ లెక్క పేరుతో టెక్నాలజిస్టుల జీతాల్లో కోత పెట్టే ఆలోచన మాత్రం యాజమాన్యాలు చేయకూడదు. శిక్ష పడుతుందని తెలిస్తే, చెడిన బొమ్మ చెడినట్టుగానే డాక్టరు బల్ల మీదికి వెళ్తుంది, తిరస్కరణల వరుసలో సున్నా కనిపిస్తుంది. రిపీట్లే లేవని చెప్పే విభాగం పనితనం గలదని కాదు, చూపించడానికి భయపడుతోందని అర్థం. జిల్లా వైద్య ఆరోగ్య అధికారులు ప్రైవేటు ఆసుపత్రులను తనిఖీ చేసేటప్పుడు యంత్రం లైసెన్సుతో పాటు, దాన్ని నడుపుతున్నవారి అర్హత పత్రాలను, ఈ నెలవారీ లెక్కను కూడా అడిగి చూడాలని మీ పత్రిక ద్వారా మనవి చేస్తున్నాను.

ఇట్లు,
ఒక రేడియోగ్రాఫరు,
బ్రాడీపేట, గుంటూరు.